కన్నుగీటే దీపాలు

ఇంకాస్త దగ్గరికి జరగండర్రా, ఇది గొంతెత్తి చెప్పే సంగతి కాదు.

దీపాల కంపెనీలో పనిచేసే అల్లుడొకడు ఆ ఉదయం ఇల్లంతా కొత్త గోడ దీపాలు బిగించాడు. కాసేపట్లో పై అధికారి వచ్చి చూస్తాడు. నచ్చితే ఉద్యోగం ఖాయం, లేకపోతే ఇంటికే. అందుకని కర్టెన్లు మూసి, గదుల తలుపులన్నీ బార్లా తెరిచాడు.

"అత్తయ్యా, ఇవి వెలుగులోనే మాటలు పెట్టి పంపుకుంటాయి. మన కంటికి అందనంత గబగబా కన్ను గీటుతాయన్నమాట. ఒకదాని మాట అందకపోతే, అది ఆరిపోయిందనుకుని మిగతావి ఎక్కువ వెలుగుతాయి."

అత్తగారి చెవికి మొదటి సగమే ఎక్కింది.

"అన్నీ చెప్పేసుకుంటాయా బాబూ?"

"ఒక్కటీ దాచవండీ!"

ఆవిడ గుండెల్లో రాయి పడింది. పంచదార ముట్టుకోవద్దని డాక్టరు చెప్పినప్పటి నుంచీ కూతురు ఆవిడను డేగలా కాపలా కాస్తోంది. సామాన్ల గదిలో ట్రంకుపెట్టె వెనక ఆవిడ దాచుకున్న పంచదార డబ్బా ఉంది. సరిగ్గా దాని నెత్తినే ఓ దీపం పెట్టాడీ మహానుభావుడు!

అల్లుడు స్నానానికీ కూతురు పెరట్లోకీ వెళ్ళగానే అత్తగారు హాలు దీపానికి అతని తువ్వాలు చుట్టేసింది. వంటగది దీపం భగ్గుమంది.

"నీ దుంపతెగ! అప్పుడే కబురందిందా?"

దానికి గుడ్డసంచీ తొడిగింది. పడకగదిది మరింత మండింది. దానిమీద అల్లుడి ఇస్త్రీ చొక్కా పడింది. ఇల్లంతా చీకటైంది. సామాన్ల గదిలో మాత్రం పట్టపగలే! ఇక సాక్ష్యమే లేకుండా చేద్దామని ఆవిడ లోపలికి దూరి, తలుపు దగ్గరగా వేసుకుని, పంచదార గుప్పిళ్ళతో నోట్లో పోసుకుంది.

అప్పుడే బెల్లు మోగింది. కూతురు తలుపు తీసింది. తువ్వాలూ చొక్కా దొరకని అల్లుడు దుప్పటి చుట్టుకుని వచ్చాడు.

"ఏమిటయ్యా ఈ చీకటి?" అన్నాడు అధికారి.

అధికారి దీపాలకున్న ముసుగులు చూశాడు, సామాన్ల గది తలుపు సందులోంచి వస్తున్న వెలుగు చూశాడు.

"భేష్! మూడింటి నోరూ నొక్కేసి, నాలుగోది కనిపెడుతుందో లేదో పరీక్ష పెట్టావా? నీ ఉద్యోగం ఖాయం పో!" అంటూ ఆ తలుపు తోశాడు.

లోపల అత్తగారు. బుగ్గలు నిండుగా ఉన్నాయి, గడ్డానికంటిన పంచదార తళతళలాడుతోంది.

"అమ్మా!" అంది కూతురు.

ఆవిడ దీపంకేసి కొరకొరా చూసింది. "చెప్పేసిందా?"

ఈ కథ మరిచిపోకుండా మీరూ నలుగురికీ చెప్పండి. చెప్పేముందు మాత్రం దీపం ఆర్పండి.