తాళం పడని కమిటీ గది

ఆ ఆదివారం రూల్సుగారికి ఒకటే పని. సాయంత్రం అపార్ట్‌మెంటు సర్వసభ్య సమావేశంలో మళ్లీ కార్యదర్శిగా ఎన్నికవడం.

అసలు పేరేదైనా, వెనకాల అందరూ ఆయన్ని రూల్సుగారనే అంటారు. నీళ్ల మోటారు కాలిపోయినా సరే, తీర్మానం లేనిదే మెకానిక్కుకు ఫోన్ చెయ్యని మనిషి. ఈ పదవి కూడా పోతే తన మాట వినే నాథుడు ఇంట్లో లేడని ఆయనకు బాగా తెలుసు.

చొక్కా ఇస్త్రీ చేసుకుంటుండగా కోడలు ఫోన్ చేసింది. అపార్ట్‌మెంటు వాళ్లు కబుర్లూ ఫిర్యాదులూ రాసుకునే వెబ్ ఫోరం ఆమె పెట్టిందే.

"మామయ్యగారూ, ఆ సాఫ్ట్‌వేర్‌లో పెద్ద లోపం బయటపడింది. ఫోరంలో మీ ముగ్గురి కోసమే పెట్టిన కమిటీ గదికి తాళం ఉన్నట్టు కనిపిస్తుందంతే. లాగిన్ అయిన వాళ్లెవరైనా అందులోకి వెళ్లి చదివేయొచ్చు. ఫోరం ఆపేస్తే అరగంటలో సరిచేస్తాను."

రూల్సుగారు ఇస్త్రీపెట్టె పక్కన పెట్టేశారు. కమిటీ ముగ్గురూ ఇన్నాళ్లూ ఇరుగుపొరుగు గురించి మనసు విప్పి రాసుకున్నది ఆ గదిలోనే.

"ఆగమ్మా. కమిటీ అనుమతి లేకుండా ఆపడానికి మనమెవరం?"

వెంటనే ఆ గదిలోకే వెళ్లి రాశారు. "అతి రహస్యం. ఇక్కడ రాసేవన్నీ అందరూ చదవగలుగుతున్నారు. ఈ సంగతి మన ముగ్గురికి తప్ప తెలియకూడదు. ఫోరం ఆపడానికి సమ్మతి తెలపండి."

"ఆపే ముందు ప్రమాదకరమైనవి తీసేద్దాం. సంగీతం టీచరు గొంతు గురించి నేను రాసింది ఎక్కడుంది?" అని కోశాధికారి అక్కడే అడిగాడు.

"ఇదిగో లింకు. దాని కిందే డెంటిస్టు పిసినారితనం గురించి మీరు రాసింది కూడా ఉంది," అని ఉపాధ్యక్షుడు జవాబిచ్చాడు.

రూల్సుగారు పద్ధతి గల మనిషి. తీసేయాల్సినవన్నీ ఫ్లాట్ల వారీగా వరసపెట్టి, ఒక్కోదానికీ లింకు తగిలించి, వెతుక్కునే శ్రమ లేకుండా గదిలో అన్నిటికంటే పైన పెట్టారు.

"ఏమండీ, మీ కమిటీలో నలభైమంది ఎప్పుడు చేరారు?" అని భార్య వంటింట్లోంచి అడిగింది. "అడుగున చదువుతున్నవాళ్ల లెక్క చూపిస్తోంది."

"నీకెలా తెలుసు?"

"నేనూ చదువుతున్నాగా. నా వంట గురించి రాసింది మాత్రం ఆ వరసలో పెట్టలేదేం?"

ఎప్పుడూ కోరం లేక వాయిదాపడే సమావేశానికి ఆ సాయంత్రం కుర్చీలు చాలలేదు. రూల్సుగారు రాజీనామా జేబులో పెట్టుకుని వెళ్లారు. ముందు డెంటిస్టు లేచాడు.

"నా గురించి రాసింది పచ్చి అబద్ధం," అన్నాడు. సంగీతం టీచరు వైపు తిరిగాడు. "టీచరుగారి పాట గురించి రాసింది మాత్రం అక్షరాలా నిజం."

"నా సంగతి అన్యాయమండీ. డెంటిస్టుగారి గురించే కాస్త తగ్గించి రాశారు," అంది టీచరు.

ఆ తర్వాత లేచినవాళ్లంతా అదే వరస. తన గురించి రాసింది అబద్ధం, మిగతాదంతా నిజం. అంటే కమిటీ రాసిన ప్రతి మాటనూ ఒక్కరు తప్ప అపార్ట్‌మెంటంతా బలపరిచినట్టే. ఇంత నిజాయితీగల కమిటీ మళ్లీ దొరకదని రూల్సుగారిని ఏకగ్రీవంగా ఎన్నుకున్నారు.

"ఒక్కటే మనవి. ఆ లోపం అలాగే ఉంచండి," అన్నాడు డెంటిస్టు.

"ఎజెండాలో లేని అంశం చర్చకు రాదు," అన్నారు రూల్సుగారు. పదవి దక్కగానే గొంతు కూడా తిరిగొచ్చింది.

మర్నాడు పొద్దున్నే కోడలు లోపం సరిచేసింది. ఇప్పుడా ఫోరం పూర్తిగా భద్రం. అందులోకి ఎవరూ రావడం లేదు.