మా ఆఫీసుకి అర్జెంటుగా ఒక రక్తపిశాచి కావాలి

రక్తపిశాచులంత పద్ధతి గలవాళ్లు ఈ లోకంలో లేరు. నవ్వకండి, సీరియస్‌గానే చెబుతున్నాను!

ఆదివారం మధ్యాహ్నాలు మా ఇంట్లో రోల్ ప్లేయింగ్ గేమ్ ఆడతాం. బల్ల చుట్టూ కూర్చుని, తలా ఒక వేషం ఎంచుకుని, పాచికలు వేయడం. ఎవరికి ఏ విద్య వచ్చో వాళ్ల కాగితం మీద రాసి ఉంటుంది. ఆట నడిపేది మా ఆవిడ. ఇల్లు నడిపే మనిషికి ఆట ఒక లెక్కా?

ఆ ఆటలో రక్తపిశాచికి ఓ క్షుద్రపూజ ఉంది. బలి మనిషిని వలయంలో కూర్చోబెట్టి, నల్ల కొవ్వొత్తులు వెలిగించి, మెడ దగ్గర నాలుగు చుక్కలు తాగితే చాలు, అతగాడి విద్యంతా పిశాచిదే! ఎంత సౌకర్యమండీ! మీకు ఈత రాదా? ఈతగాడి మెడ చూసుకోండి. ఇంగ్లీషు రాదా? మీవాడి టీచరమ్మ స్కూలు గేటు దగ్గరే దొరుకుతుంది. కోచింగ్ సెంటర్లన్నీ ఎత్తేసి కొవ్వొత్తుల కొట్లు పెట్టుకోవచ్చు!

నేను వంటింటి అలమరాల కంపెనీలో డిజైనర్ని. తలుపు తీయగానే మూలనున్న అరలన్నీ వాటంతటవే బయటికొచ్చే అలమర ఒకటి గీశాను. మా వంటింట్లోనే అట్టముక్కలతో చేసి చూశాను. నెలల తరబడి మా ఆవిడ మోకాళ్లు దానికి కొట్టుకున్నాయి. సోమవారం దాన్ని ఓనరుగారికి చూపించాలి, హెడ్ డిజైనర్ ఎవరో ఆ రోజే తేలుతుంది. “గీయడం నీ వంతు గురూ, మాట్లాడే బాధ నాది” అన్నాడు మా మేనేజరు. మహానుభావుడు!

ముందురోజు ఆయన మా ఆటకొచ్చాడు. ఏ వేషం కావాలంటే, తడుముకోకుండా రక్తపిశాచి అన్నాడు. నేను తాళాలు తీసే దొంగని. కాసేపట్లోనే నా విద్య మీద ఆయన కన్ను పడింది. కొవ్వొత్తులు వెలిగాయి, పాచికలన్నీ ఆరులే పడ్డాయి. నేను మెడ వంచి కూర్చున్నాను. అలవాటే కదా!

“ఇక పేరు చెప్పండి సార్” అంది మా ఆవిడ.

“ఏం పేరు?”

“ఎవరి విద్య తీసుకుంటున్నారో ఆ మనిషి అసలు పేరు. మూడుసార్లు, గట్టిగా. పలక్కపోతే విద్య అంటదు.”

ఆయన నావైపు చూశాడు. పైకప్పు వైపు చూశాడు. ఆరేళ్లుగా నేను ఆయనకి గురూని, బాసుని, మనవాణ్ణి.

“గురూ, నీ పూర్తి పేరేంటి?”

“అడక్కూడదు సార్. ఎవరూ అందించకూడదు కూడా!” అంది మా ఆవిడ.

పిశాచి అక్కడికక్కడే బూడిదైపోయింది. ఆ రూలు నిజంగా పుస్తకంలో ఉందో, మా ఆవిడ నోట అప్పటికప్పుడు పుట్టిందో ఇప్పటికీ నేను అడగలేదు. అంత సంతోషం ఆఫీసులో నాకు ఏనాడూ కలగలేదు.

సోమవారం ఓనరుగారు అలమర తలుపు తీసి మురిసిపోయారు. “ఎవరిదయ్యా ఈ ఐడియా?”

“చాలా కష్టపడ్డాను సార్” అన్నాడు మేనేజరు.

వలయం లేదు, కొవ్వొత్తులు లేవు. పట్టపగలు! ఆయన బూడిద కాలేదు సరికదా, హెడ్ డిజైనరయ్యాడు. సాయంత్రం నా బల్ల దగ్గరికొచ్చి, “తలుపు బిగుసుకుంటోంది గురూ, కాస్త చూసిపెట్టు” అన్నాడు. చూసిపెట్టాను.

అందుకే అయ్యా, ప్రతి ఆఫీసులోనూ ఆ క్షుద్రపూజని తప్పనిసరి చేయాలని కోరుతున్నాను. నా మెడ సిద్ధం. రక్తం ఎంత కావాలంటే అంత తాగమనండి. పేరు మాత్రం మూడుసార్లు పలకమనండి.

మూడెందుకులెండి, ఒక్కసారి చాలు.