కుడి పక్క ప్రాక్టీసు

కువైట్ రోడ్లు తనకు ఇంటి వాకిలితో సమానమని ఉమేర్ పొద్దున్నే ఆదోని టీ కొట్టులో ప్రకటించాడు. కళ్లకు గుడ్డ కట్టినా ఆ దేశంలో ఏ మూలకైనా బండి తోలగలడట. అక్కడ ఒక షేకు ఇంట్లో డ్రైవరు ఉద్యోగం కుదిరినప్పటి నుంచి ఇలాంటివి రోజుకొకటి చెబుతున్నాడు. స్నేహితుడు మద్దిలేటి టీ ఊదుకుంటూ, అక్కడ బండ్లు రోడ్డుకు ఏ పక్కన పోతాయని అడిగాడు.

"యాడన్నా ఎడం పక్కే కదప్పా. ప్రపంచమంతా ఒకటే."

మద్దిలేటి ఫోన్ తీసి, కువైట్‌లో ఉన్న చిన్నాన్న కొడుకు పంపిన వీడియో చూపించాడు. అందులో కార్లన్నీ నిక్షేపంగా కుడి పక్కన పోతున్నాయి. ఉమేర్ ఫోన్‌ను తలకిందులు చేసి కూడా చూశాడు. అప్పుడూ కుడి పక్కే.

ప్రయాణానికి ఇక మిగిలింది పోలీసు సర్టిఫికెట్ ఒక్కటే. కానిస్టేబుల్ తిరుపాల్ ఆ సాయంత్రమే ఎంక్వయిరీకి వస్తానన్నాడు. చిన్న ట్రాఫిక్ కేసు ఉన్నా వీసా రాదు. ఇదివరకే ఒక వీసా చేతిదాకా వచ్చి జారిపోయింది. ఇదీ పోతే మేనమామ ఇబ్రహీం సరుకుల ట్రాలీ బండే జీవితాంతం గతి. ఆ మేనమామే, ఎమ్మిగనూరులో పత్తి గింజల మూటలు దింపి రమ్మని తాళాలిస్తూ, సాయంత్రం దాకా హారన్ కూడా కొట్టొద్దని మరీ మరీ చెప్పాడు.

ఉమేర్ హారన్ కొట్టలేదు. మద్దిలేటిని పక్కన కూర్చోబెట్టుకుని, ఊరు దాటగానే కువైట్ ప్రాక్టీసు కోసం బండిని కుడి పక్కకు తిప్పాడు, అంతే. చాలా దూరం దాకా ఎవరూ ఏమీ అనలేదు. అసలు గమనించనే లేదు. ఆదోని జనం పుట్టుకతోనే కువైట్‌కు తయారై ఉన్నారని అతనికి అప్పుడే తెలిసింది.

చివరికి ధనుంజయ అనే రైతు నడుపుతున్న ఉల్లిగడ్డల ట్రాక్టరు ఎదురొచ్చి, ట్రాలీకి మూతి ఆనించినంత పని చేసి ఆగింది. కళ్లు కనిపించడం లేదా అని ధనుంజయ దిగి అడిగాడు. తప్పు ఒప్పుకుంటే మాట పోలీసుల దాకా పోతుంది. ఉమేర్ ముఖంలో ఏ మార్పూ రానీయలేదు.

"నీకు తెలీదా అన్నా? ఈ పొద్దు నుంచి అందరూ కుడి పక్కే పోవల్ల. పైనుంచి ఆర్డరొచ్చింది."

"మాకెవురూ సెప్పల్యాదే?"

"ఎవురూ సెప్పరన్నా. నేరుగా ఫైనే."

ఈ చివరి మాటతో ధనుంజయకు పూర్తి నమ్మకం కుదిరింది. ట్రాక్టరును అవతలి పక్కకు తిప్పుకుని, వెనక వస్తున్న బస్సును ఆపి సంగతి చెప్పాడు. బస్సులో వాళ్లు ఫోన్లు తీశారు. ఉమేర్ చేరేలోపే వార్త ఎమ్మిగనూరు చేరింది. మూటలు దింపుతున్న చోట ఒక పెద్దాయన వాళ్లిద్దరికీ కొత్త ఆర్డరు గురించి విడమరచి చెప్పాడు. ఇదంతా విదేశీ కంపెనీల కోసమట. గేదెలకు మాత్రం నెలాఖరు దాకా గడువిచ్చారట.

ఉమేర్‌కు నవ్వు ఆగిపోయి సాయంత్రం ఎంక్వయిరీ గుర్తొచ్చింది. తిరుగు ప్రయాణంలో బుద్ధిగా, చట్టం చెప్పినట్టే ఎడం పక్కన బయల్దేరాడు. ఎడం పక్కన పోతున్నవాడు రోడ్డు మొత్తానికి అతనొక్కడే. పత్తి లారీ, పెళ్లి బస్సు, వాటి వెనక ఆటోలు అన్నీ ఎంతో నిజాయితీగా కుడి పక్కన వచ్చి అతని ముందు నిలిచిపోయాయి. ఖాళీ ట్రాక్టరుతో తిరిగొస్తున్న ధనుంజయ కూడా ఆ వరసలో ఉన్నాడు. ఆటోలోంచి హనుమక్క అనే ముసలమ్మ తల బయటికి పెట్టింది.

"సదువుకున్నోని మాదిరి ఉండావు, ఆర్డరు తెలీదా నాయనా?"

ట్రాఫిక్ ఆగిందని తెలిసి కానిస్టేబుల్ తిరుపాల్ బైకు మీద వచ్చాడు. ఆయనా కుడి పక్కనే వచ్చాడు. కారణం ఎవరంటే అందరి వేళ్లూ ఉమేర్ వైపు తిరిగాయి.

"ఊరంతా ఒక పక్క పోతాంటే నువ్వొక్కనివే రాంగ్ సైడు ఏందప్పా? పేరు సెప్పు, కేసు రాయల్ల."

ఉమేర్ కళ్ల ముందు విమానం అతన్ని ఎక్కించుకోకుండానే లేచిపోయింది.

"రాయొద్దు సార్. నేనే కరెక్టు. ఆర్డరూ ల్యాదు, ఏమీ ల్యాదు. పొద్దున నేనే అబద్ధం సెప్పినా. కువైట్‌లో కుడి పక్క తోలల్లని ప్రాక్టీసు సేస్తాంటి."

ధనుంజయ నెమ్మదిగా ట్రాక్టరు దిగి చొక్కా చేతులు పైకి మడిచాడు. తిరుపాల్ మాత్రం తన బైకు వైపు, అది నిలబడిన పక్క వైపు చూస్తూ ఉండిపోయాడు. ఇప్పుడు కేసు రాయాలంటే, పుకారు నమ్మి రాంగ్ సైడులో వచ్చినవాళ్ల పేర్లన్నీ రాయాలి. అందులో పోలీసు పేరు కూడా ఒకటి ఉంటుంది.

"సాయంత్రం ఎంక్వయిరీ ఉండే ఉమేర్ నువ్వేనా? పోయేదెప్పుడు?"

"మీ కాగితం వస్తే వచ్చే వారమే సార్."

"మళ్లా వచ్చేది?"

"రెండేండ్లకు సార్."

తిరుపాల్ ముఖం కాస్త తేటపడింది. కాగితం బైకు సీటు మీద పెట్టి, ఇతని మీద ఏ కేసూ లేదని అక్కడే రాసేశాడు. కింద, ఎవరూ అడగకపోయినా, ఇంకో వాక్యం చేర్చాడు: వీలైనంత త్వరగా పంపగలరు.