ఫోటోకి నిలబడ్డ కొట్టం

వారమంతా ఊగే పళ్ళు పీకే పళ్ళ డాక్టరుగారికి, ఆదివారం వస్తే ఊగే కొట్టాలంటే ప్రాణం లేచివస్తుంది. తెల్లవారగానే కెమెరా మెడలో వేసుకుని, ఫ్లాస్కులో కాఫీ పోయించుకుని, భార్యని కారెక్కించుకుని ఊరి బయటి దారుల్లో పడతారు. పొలాల మధ్య పాత గడ్డి కొట్టమో, పశువుల కొట్టమో కనిపిస్తే చాలు, కారు దానంతట అదే ఆగిపోతుంది. చెక్క ఎంత నల్లబడితే అంత ఇష్టం, కప్పు కూలి ఉంటే ఇంకా ఇష్టం. క్లినిక్కులో పుచ్చు కనిపిస్తే మొహం చిట్లించే మనిషి, పుచ్చిన దూలం ముందు మోకాళ్ళ మీద కూర్చుని "ఆహా" అంటారు.

ఇంట్లో హాలు గోడలన్నీ ఆ ఫోటోలే. వాటికి ఎదురుగా కుర్చీలో కూర్చునే అత్తగారు మాత్రం ఇన్నేళ్ళలో ఒక్కదాన్నీ మెచ్చుకోలేదు. "మా అమ్మాయిని ఇచ్చిన ఇంట్లో ఇన్ని కూలిన కొంపలేమిటమ్మా" అని వచ్చినవాళ్ళందరి దగ్గరా వాపోతారు. డాక్టరుగారు పైకి నవ్వేసినా, ఆ మాట ఆయనకి ముల్లులా గుచ్చుకునేది. ఆవిడ నోట ఒక్కసారి "బాగుంది" అనిపించుకోవాలని ఆయనకెంత ఉందో భార్యకి ఒక్కతెకే తెలుసు.

అలాంటి అత్తగారు ఓ శనివారం సాయంత్రం తనంతట తానే అడిగారు. మోకాళ్ళు మొరాయించి ఆవిడ గడప దాటి అప్పటికి ఏడాదయింది.

"అల్లుడుగారూ, రేపు ఎలాగూ కొట్టాల మీద పడతారుగా. ఏటి అవతల మాకో కొట్టం ఉండేది. నేను కాపురానికి వెళ్ళిన ఏడే కట్టారు. మీ మామగారు పోయాక పొలంతో పాటు అదీ అమ్మేశాం. ఓ ఫోటో తీసుకొస్తారా? ఒక్కసారి చూడాలని ఉంది."

డాక్టరుగారికి ఏనుగెక్కినంత సంబరమైంది. అత్తగారు అడగడమే గొప్ప, అదీ తనకి చేతనైన పని అడిగారు.

మర్నాడు వెతకగా వెతకగా మధ్యాహ్నానికి కొట్టం దొరికింది. చూడగానే డాక్టరుగారి గుండె ఝల్లుమంది. చెక్కలు బూడిద రంగుకి తిరిగి, ఎడమ పక్కకి ఒరిగి, తలుపు ఒంటి బందు మీద వేలాడుతోంది. ఆయన జన్మలో అంత అందమైన కొట్టం చూడలేదు. భార్య మాత్రం కారు దిగి, గోడ మీద చెయ్యి వేసి నిలబడిపోయింది.

"ఆ అటక మీంచి గడ్డిలోకి దూకేవాళ్ళమండీ" అంది. "వాన మొదలైతే అమ్మ ఈ తలుపు దగ్గర నిలబడి, ఆడుకునే పిల్లలందర్నీ పేరు పేరునా లోపలికి పిలిచేది. కప్పు మీద వాన చప్పుడుకి మా మాటలు మాకే వినిపించేవి కావు."

ఆమె కళ్ళు తుడుచుకుంది. డాక్టరుగారికీ కళ్ళు చెమర్చాయి గాని, కెమెరా మూత మాత్రం తియ్యలేదు. ఎండ నడినెత్తిన ఉండగా ఆయన ఫోటో తియ్యరు, అది ఆయన నియమం. సరిగ్గా ఈ నియమమే కొంప ముంచింది.

కొట్టం ఇప్పుడొక పాల వ్యాపారిది. నెమ్మదస్తుడు. డాక్టరుగారు ఆయన చేతులు పట్టుకున్నారు.

"వచ్చే ఆదివారం పొద్దున్నే వచ్చి దీని ఫోటో తీసుకుంటానండీ. పెద్ద ఫ్రేము కట్టించి మా హాల్లో పెడతాం. వచ్చేపోయేవాళ్ళందరూ చూస్తారు."

"ఫోటో అంటే... మా కొట్టాన్నా?"

"మీ కొట్టాన్నే!"

పాల వ్యాపారి కొట్టం వంక ఓసారి చూసి, మాసిన బట్టలతో చుట్టాల కంటపడ్డవాడిలా తల దించుకున్నాడు.

బుధవారం డాక్టరుగారు ఉండబట్టలేక ఫోన్ చేశారు.

"కొట్టం ఎలా ఉందండీ?"

"పరవాలేదండీ. కొంచెం ఒరిగింది కదా, ఆ సంగతే చూస్తున్నాం."

"ఆ ఒరగడమే ముఖ్యమండీ! నా దృష్టంతా దాని మీదే ఉంది."

"తెలుసండీ. ఆ రోజు మీరు మెడ వంచి మరీ చూశారు. నాకు తల కొట్టేసినట్టయింది."

"మరి తలుపు?"

"తలుపు గురించి మీరు బెంగ పెట్టుకోకండి."

ఫోన్ పెట్టేసి డాక్టరుగారు భార్యతో మురిసిపోతూ చెప్పారు. "ఎంత రసికుడో చూశావా! ఆ ఒరుగులో అందం కనిపెట్టాడు."

శనివారం మళ్ళీ ఫోన్ చేశారు.

"ఇంకా తడి ఆరలేదండీ. రేపు పొద్దుటికి ఆరిపోతుంది" అన్నాడు పాల వ్యాపారి కాస్త కంగారుగా.

"అయ్యో, వాన పడిందా? ఆరకపోయినా ఫరవాలేదండీ. తడిసిన చెక్క ఫోటోలో ఇంకా బాగుంటుంది."

ఆదివారం సూర్యుడు రాకముందే కారు ఏరు దాటింది. మలుపు తిరగ్గానే భార్య ముందుకి వంగి చూసింది.

"ఏమండీ, దారి తప్పామేమో."

దారి తప్పలేదు. కొట్టం చిలకపచ్చ రంగులో, తెల్లటి అంచులతో, సైనికుడిలా నిటారుగా నిలబడి ఉంది. తలుపుకి కొత్త బందులు మెరుస్తున్నాయి. ముందు పాల వ్యాపారి, ఆయన భార్య, తమ్ముళ్ళూ మరదళ్ళూ మంచి బట్టల్లో వరసగా నిలబడ్డారు. చివర్న శుభ్రంగా స్నానం చేసిన ఆవు.

క్లినిక్కులో ఆయన ఎదుట కూర్చున్నవాళ్ళు ఎంత నోరు తెరుస్తారో, డాక్టరుగారూ అంత తెరిచారు.

"రెండు ట్రాక్టర్లు కట్టి లాగామండీ, ఒక పట్టాన లేవలేదు" అన్నాడు పాల వ్యాపారి ఉత్సాహంగా. "మా ఆవిడైతే వారమంతా బ్రష్షు కింద పెట్టలేదు. మీరు గోడకి పెట్టుకుంటామన్నారు కదా! అలాంటి అవతారంలో ఎలా పంపిస్తాం?"

ఆయన భార్య పచ్చబడ్డ వేళ్ళు వెనక్కి దాచుకుంది. ఆ వేళ్ళు డాక్టరుగారి కంట పడనే పడ్డాయి. బుద్ధిగా కెమెరా తీసి, ఆవుతో సహా అందర్నీ తీశారు. తరవాత వాళ్ళని పక్కకి జరగమని కొట్టాన్ని ఒక్కదాన్నే తీశారు.

కారెక్కాక ఆయనకో దొంగ ఆలోచన వచ్చింది.

"దీన్ని చూస్తే మీ అమ్మగారు ఇది మా కొట్టమే కాదంటారు. ఈ చుట్టుపక్కల ఒరిగిన కొట్టం మరోటి ఉండకపోదు. దాన్ని తీసి ఇదే అందాం. అత్తయ్యగారి చూపు అంతంతమాత్రమే కదా."

"మా అమ్మ దగ్గర మీ ఆటలు సాగవు. అబద్ధమాడితే మీ చెవులు ఎర్రబడతాయి" అంది భార్య.

అయినా వెళ్ళారు. కానీ ఆ రెండు ట్రాక్టర్లూ ఇచ్చింది పక్క పొలాలవాళ్ళే. కొట్టాలకి ఫోటోలు తీసే పెద్దమనిషి వస్తున్నాడన్న వార్త ఎప్పుడో పాకిపోయింది. మొదటి పొలంలో కొట్టం నారింజ రంగులో ధగధగలాడుతోంది. రెండో చోట దాని మీద పువ్వులు కూడా వేశారు. మూడో చోట నిచ్చెన మీదున్నాయన వీళ్ళని చూసి కంగారుపడ్డాడు.

"అప్పుడే వచ్చేశారాండీ? ఒక్క గంట ఆగండి, ఈ వైపు ఇంకా కాలేదు!"

డాక్టరుగారు పక్కనున్న గోడకి చేరగిలపడ్డారు. ఆ వైపు రంగు అయింది గాని, ఆరలేదు.

ఇల్లు చేరేసరికి అత్తగారు చేతికర్ర ఊతంతో వీధి గుమ్మంలో నిలబడి ఉన్నారు. అల్లుడి చొక్కా వైపు చూడనైనా లేదు.

"తీశారా?"

"తీశాను అత్తయ్యగారూ. కానీ..."

కానీ తరవాత ఏమనాలో ఆయనకి తోచలేదు. కెమెరాలో ఫోటో తెరిచి ఆవిడ చేతిలో పెట్టి, చీవాట్లకి సిద్ధపడ్డారు. అత్తగారు కొంగుతో కళ్ళజోడు తుడుచుకుని చూశారు. మళ్ళీ తుడుచుకుని మళ్ళీ చూశారు.

"నిలబడే ఉంది" అన్నారు మెల్లగా.

డాక్టరుగారి చెవులు ఎర్రబడ్డాయి. "లేదండీ, పోయిన వారం దాకా అది..."

"ఆ మాత్రం నాకు తెలీదా? కట్టి ఎన్నేళ్ళయింది! ఒరక్కుండా ఉంటుందా? అడగడమైతే అడిగాను గాని, వారమంతా కంటి మీద కునుకు లేదు. మీరు దాన్ని మీ పద్ధతిలో, కప్పు ఊడగొట్టి, పక్కటెముకలు బయటపెట్టి తీసుకొస్తారు, ఎలా చూడాలా అని. ఈ ఇంట్లో ముసలిదాన్ని నేనొకదాన్ని ఉన్నాను, చాలదూ?"

అత్తగారు ఫోటోలోని తలుపు మీద వేలు ఆనించారు.

"కట్టిన కొత్తలో అచ్చం ఇలాగే ఉండేది. మీ మామగారు ఈ తలుపు తీస్తూ వేస్తూ, చూశావా చప్పుడు కాదు అని నాకు పొద్దుపోయేదాకా చూపించారు. మాది ఎరుపు రంగు. పోనీలెండి, పచ్చా బాగానే ఉంది." ఆవిడ తలెత్తి అల్లుడి మొహంలోకి చూశారు. "చాలా బాగా తీశారు, అల్లుడుగారూ."

ఇన్నేళ్ళు ఎదురుచూసిన మాట వచ్చింది. తన జన్మలో తీసిన ఫోటోల్లో అన్నిటికంటే తనకి నచ్చనిదానికి వచ్చింది. అయినా ఆయనకి కడుపు నిండిపోయింది. రంగు చొక్కాతోనే కూర్చుని, అత్తగారు చెప్పే కొట్టం కబుర్లు చీకటిపడేదాకా విన్నారు.

చిలకపచ్చ కొట్టం హాల్లో నడిమధ్య గోడకెక్కింది. ఎప్పుడో ఓ పోటీలో మొదటి బహుమతి తెచ్చిన పుచ్చు కొట్టం ఫోటో ఆ చోటు ఖాళీ చేసి బీరువా వెనక్కి వెళ్ళింది. చీకటీ, దుమ్మూ, చెదలూ అక్కడ పుష్కలంగా ఉన్నాయి కనుక, దానికి ఇంట్లో అంతకన్నా తగిన చోటు లేదు.