ఇంటూ పెట్టిన కత్తులు

ఆ ఆదివారం పొద్దున సన్యాసిరావు పెట్టుకున్న కార్యక్రమం చాలా చిన్నది. సాక్చీ బజారుకు వెళ్ళాలి, ఒక కత్తుల సెట్టు కొనాలి, పది గంటలకల్లా కద్మాలో తన క్వార్టరుకు తిరిగొచ్చి ఒళ్ళెరగకుండా పడుకోవాలి. వారం పొడుగునా నైట్ షిఫ్టు చేసిన మనిషి. సైకిలు మీద కూర్చుంటేనే కునుకు పట్టేస్తోంది.

కత్తులు కావలసింది అతని భార్య దాలమ్మకు. కిందటేడు గ్యాసు వచ్చాక వంటింట్లో నడుమెత్తున సిమెంటు గట్టు కట్టించారు. పొయ్యి గట్టెక్కింది గాని కత్తిపీట మాత్రం నేలమీదే ఉండిపోయింది. కూర తరగడానికి కింద కూర్చోవాలి, పోపు మాడకుండా పైకి లేవాలి, మళ్ళీ కూర్చోవాలి. యాభయ్యో పడిలో పడిన దాలమ్మ మోకాళ్ళు లేచినప్పుడొకసారి, కూర్చున్నప్పుడొకసారి ప్రాణం తీస్తున్నాయి.

"నిలబడి కోసుకునే కత్తులు తెండి. ఇంకేటీ అడగను," అంది దాలమ్మ.

"తేవడానికేటే, తెత్తాను. కానీ కత్తంటే స్టీలు. స్టీలంటే సూసి తేవాల," అన్నాడు సన్యాసిరావు.

దాలమ్మ గుండెలో రాయి పడింది.

ఎందుకు పడదు? సన్యాసిరావు ఈ హిందీవాళ్ళ ఊళ్ళో ఉక్కు కార్ఖానా ఇన్స్పెక్టరు. ఇరవై రెండేళ్ళుగా అతని పని ఒక్కటే. ఎదురుగా వచ్చిన ఇనుప సామాను చూడాలి. బాగుంటే ఎర్రటి మైనపు సుద్దతో టిక్కు పెట్టాలి, బాగులేకపోతే ఇంటూ కొట్టాలి. తన టిక్కు పడి గేటు దాటిన సరుకు ఇంతవరకూ తిరిగి రాలేదని అతనికి మహా గర్వం. వచ్చే నెలలో హెడ్ ఇన్స్పెక్టరు కుర్చీ ఖాళీ అవుతుంది. ఆ కుర్చీకి ఎవరి పేరు పంపాలో తేల్చేది సీనియర్ ఫోర్‌మన్ సోమేశ్వరరావు. ఆయన కూడా "సన్యాసిరావు టిక్కంటే టిక్కే" అని నలుగురిలోనూ అంటూంటాడు. జీవితంలో ఒక్కసారైనా కుర్చీలో కూర్చుని పని చేయాలని సన్యాసిరావు కోరిక.

సాక్చీలో గిన్నెల దుకాణం మహతో ఆరు కత్తుల సెట్టు తీసి ముందు పెట్టాడు. చెక్క పిడులు, రంగు బొమ్మల అట్టపెట్టె.

"ఏక్‌దమ్ బఢియా మాల్, బాబూ! ఆంఖ్ మూంద్‌కే లే జాయియే!"

కళ్ళు మూసుకుని కొనేయమంటే సన్యాసిరావు ఊరుకుంటాడా? జేబులోంచి అయస్కాంతం తీశాడు. భూతద్దం తీశాడు. చిన్న ఆకురాయి కూడా తీశాడు. ఒక్కో కత్తినీ గోటితో మీటి చెవి దగ్గర పెట్టుకుని విన్నాడు. ఒకదాని అంచు మెత్తన. ఇంకొకదాని పిడి దగ్గర వెంట్రుకవాసి సందు. మరొకటి ఏ వంకా దొరక్క అనుమానంగా ఉంది. నిద్రమత్తులో అతని చెయ్యి తన అలవాటు ప్రకారం జేబులోకి పోయింది, సుద్ద తీసింది, ఆరు పిడుల మీదా ఇంటూలు కొట్టింది. రెండో పెట్టె తెప్పించాడు. మూడోది, నాలుగోది కూడా తెప్పించాడు. మహతో లోపలినుంచి అయిదో పెట్టెతో వచ్చేసరికి గల్లా ముందున్న కత్తులన్నీ ఎర్రగా కనిపించాయి.

"అరే! యే క్యా కర్ దియా?" అని మహతో నెత్తీ నోరూ బాదుకున్నాడు. పంచె కొంగుతో తుడిచాడు. అది ఎండకీ వానకీ పోకూడదని చేసిన సుద్ద, పంచె కొంగుకు పోతుందా? పక్కనే పళ్ళేలు బేరమాడుతున్న ఇద్దరు మనుషులు "కార్ఖానా ఇన్స్పెక్షన్ బాబు ఫెయిల్ చేశాడట" అని చెప్పుకుంటూ పళ్ళేలు కూడా వదిలేసి పోయారు.

ఇంటికి ఉత్త చేతులతో వచ్చిన మొగుణ్ణి చూసి దాలమ్మ, "కత్తులేవండీ?" అంది.

"అన్నీ రిజెక్టే."

"మరి నా మోకాల్లు?"

"వచ్చే ఆదివారం బిష్టుపూర్ బజారుకెల్తాను," అని సన్యాసిరావు మంచమెక్కాడు.

పడుకోనిస్తే గదా! సాయంత్రానికల్లా పక్క క్వార్టరు అసిరమ్మ అట్లకాడా, కత్తిపీటా పట్టుకుని వచ్చింది. "అన్నయ్యా, బజారంతా ఫెయిల్ సేసినారటగదా. ఇయ్యి కూడా కాస్త సూడండి." చూసి రెంటికీ ఇంటూ పెట్టాడు. మర్నాటినుంచి వీధి వీధంతా వచ్చింది. కొడవళ్ళు, అడకత్తెరలు, కొబ్బరికోరాలు, ఎవరో ముసలాయన మంగలికత్తి. డ్యూటీనుంచి వచ్చిన మనిషి కాళ్ళు కడుక్కోకుండానే అరుగు మీద రెండో డ్యూటీ మొదలెట్టేవాడు. వంటింటి వైపు తొంగిచూసే తీరిక లేదు, వద్దని చెప్పే ఓపిక లేదు, ఊరికే పాస్ చేసేయడానికి మనసొప్పదు.

తరవాతి రెండు ఆదివారాలూ బిష్టుపూర్‌లో ఒక్క కత్తీ నెగ్గలేదు. దాలమ్మ మాత్రం ఆశ్చర్యంగా కత్తుల మాటే ఎత్తడం మానేసింది. ఒకరోజు బెండకాయ వేపుడు తింటూ సన్యాసిరావు, "సూసావేటే? ఎంత సన్నంగా తెగిందో! ఎన్ని కత్తులొచ్చినా కత్తిపీట కూర రుచే వేరు," అన్నాడు. దాలమ్మ ఇంకొంచెం వేపుడు వడ్డించింది.

అటు సాక్చీలో మహతో బుర్ర పెట్టి ఆలోచించాడు. వచ్చినవాళ్ళంతా "ఇన్స్పెక్షన్ బాబు పాస్ చేసిన కత్తులున్నాయా?" అని అడుగుతున్నారు. ఉన్నాయనడానికి ఒక సుద్దముక్క చాలు. ఇంటూలు పడ్డవాటిని బయట బుట్టలో పోసి, ఎక్కడో చవగ్గా దొరికిన కొత్త సరుకు పిడులకు తనే చక్కగా ఎర్ర టిక్కులు పెట్టి అమ్మడం మొదలెట్టాడు. ఈ సంగతి సన్యాసిరావుకు తెలియదు.

నాలుగో ఆదివారం పొద్దున్నే వాకిట్లో స్కూటరు ఆగింది. దిగినవాడు సోమేశ్వరరావు. ఆయన చంకలో ఒక పెద్ద గుమ్మడికాయ, గుమ్మడికాయలో దిగబడి విరిగిపోయిన కత్తి.

"ఏటిది, సన్యాసిరావ్?"

"గుమ్మడికాయ సార్."

"అందులోది?"

"కత్తి సార్. సగం."

"మిగతా సగం మా ఆవిడ జానకి చేతిలో మిగిలింది. బొటనవేలికి కట్టు కట్టించుకొచ్చాం." సోమేశ్వరరావు జేబులోంచి చెక్కపిడి తీసి చూపించాడు. దాని మీద ఎర్ర టిక్కు. "నువ్వు పాస్ చేసిన సరుకని మహతో ఒట్టేసి అమ్మాడయ్యా. నీ టిక్కు చూసే కొన్నాను. ఈ వారంలో పైకి పేరు పంపాలి. ఏం రాయమంటావో నువ్వే చెప్పు!"

సన్యాసిరావు ఇరవై రెండేళ్ళ పేరు గుమ్మడికాయలో ఇరుక్కుపోయింది.

"అది నా టిక్కు కాదు సార్! నేను బజార్లో ఒక్క కత్తినీ పాస్ చెయ్యలేదు. నచ్చితే మా ఇంటికే కొననా? ఈరోజుకీ మా ఆవిడ కత్తిపీట మీదే కోత్తంది. కావాలంటే మీరే సూడండి!"

అని ఆయన్ను చెయ్యి పట్టుకుని వంటింట్లోకి లాక్కుపోయాడు. గుమ్మంలో ఇద్దరూ ఆగిపోయారు.

దాలమ్మ గట్టు ముందు నిలబడి టకటకా బంగాళాదుంపలు తరుగుతోంది. ఆమె చేతిలో కత్తి పిడి మీద ఎర్రటి ఇంటూ ఉంది. గోడకు మేకులు కొట్టి తగిలించిన మిగతా అయిదింటి మీదా ఇంటూలే. కత్తిపీట మడిచి బియ్యం డబ్బా మూత మీద బరువుగా పెట్టి ఉంది.

"ఇయ్యెప్పటివే?" అన్నాడు సన్యాసిరావు.

"మూడు వారాలయింది. మీరు ఫెయిల్ సేసినారని మహతో బుట్టలో పోసి సగం ధరకి ఇచ్చీసినాడు."

"నాకు సెప్పలేదేటి?"

"సెప్తే మల్లీ టెస్టెడతారు గదా."

సోమేశ్వరరావు ఒక కత్తి తీసుకున్నాడు. గుమ్మడికాయను గట్టు మీద పెట్టి ఒక్క వేటు వేశాడు. కాయ రెండు చెక్కలై చెరో పక్కకి ఒరిగింది. ఆయన కత్తి అంచు చూసి, ఇంటూ చూసి, సన్యాసిరావును చూశాడు.

"నీ టిక్కు మీద నాకు అనుమానం పోయిందయ్యా," అన్నాడు మెల్లగా. "ఇప్పుడు నీ ఇంటూ మీద వచ్చింది. రేపు షెడ్డు వెనకున్న రిజెక్టు కుప్పంతా మొదటినుంచి మళ్ళీ చూడు. అది చూసినాకే నీ పేరు రాస్తాను."

గుమ్మడికాయ అక్కడే వదిలేసి ఆయన వెళ్ళిపోయాడు. ఆ కుప్ప రెండు లారీల పైమాటే. సన్యాసిరావు వంటింటి గుమ్మంలోనే చతికిలబడ్డాడు. దాలమ్మ టీ గ్లాసు తెచ్చి అతని చేతికిచ్చింది, వంగింది, లేచింది, ఒక్క మూలుగు లేదు. మూడు వారాలుగా ఈ ఇంట్లో మూలుగు వినపడడం లేదని అతనికి అప్పుడే తట్టింది. భూతద్దంతో వెంట్రుకవాసి సందు పట్టిన కళ్ళకు అది కనపడనందుకు నిజంగా సిగ్గేసింది.

టీ తాగి, గుడ్డపీలిక మీద కాస్త కిరసనాయిలు పోసుకుని, ఒక కత్తి తీసి దాని ఇంటూ చెరపబోయాడు.

"ఒగ్గీయండి," అంది దాలమ్మ. "ఆ గుర్తుంటే పక్కింటోల్లు అరువడగరు."