మా ఆయన సరసమైన ధర

ప్రతి ఇల్లాలికీ నాకు పట్టిన అదృష్టం పట్టాలి! కట్టుకున్నవాడి ఖరీదెంతో ఊరంతా కూర్చుని తేల్చిపెట్టే భాగ్యం ఎందరికుంటుంది చెప్పండి?

మా ఆయన ఎల్మెర్ ఒక సార్డీన్ చేపల డబ్బాల కంపెనీ జట్టులో బాస్కెట్‌బాల్ ఆడతాడు. బంతి బుట్టలో వేయడానికి వేరేవాళ్లున్నారు. అవతలి జట్టులో ఏనుగంత మనిషి బంతితో దూసుకొస్తుంటే, కదలకుండా ఎదురు నిలబడి, గుద్దించుకుని, వెల్లకిలా పడటం మా ఆయన పని. పడగానే ఈల. ఫౌల్ వాడిది, బంతి మనది! టీవీలో మాత్రం ఆయన పేరు పక్కన సున్నా.

ఆ సున్నా కాంట్రాక్టు ఈ నెలాఖరుతో సరి. కొత్తది ఎంతకివ్వాలో కంపెనీ లాప్‌టాప్‌లో లెక్కేస్తోంది. వేస్తూనే ఉంది. ఈలోగా మా రేవు ఊరు నవోటాస్ ఊరుకుంటుందా?

చేపలమ్మే పెద్దావిడ ఆలింగ్ పసింగ్ రాత్రి ఆట చూసి పొద్దున తూకం వేస్తుంది.

"నిన్న మీ ఆయన మూడుసార్లు పడ్డాడు కదే పిల్లా! ఇదిగో, లావుపాటి పాలబొంత చేప. నాలుగోసారి తప్పుకున్నాడు గనక తల నాది!"

ఎంత సుఖమో! ఏం వండాలా అని బుర్ర బద్దలు కొట్టుకోనక్కర్లేదు. ఆయన తప్పుకున్న రోజు పులుసులో తల ఉండదు, అంతే.

ట్రైసికిల్ ఆటో నడిపే బెర్తో ఇంకా శాస్త్రీయం. "వదినా, అన్న ఆడుతుంటే మనం ఐదు పాయింట్లు ముందు. అన్న కూర్చుంటే తొమ్మిది వెనక. అంటే అన్న విలువ పద్నాలుగు!"

"పద్నాలుగేంటి బెర్తో? వేలా, లక్షలా?"

"అది కంపెనీవాళ్లు చెప్పాలి వదినా. నా డిపార్ట్‌మెంట్ పద్నాలుగు వరకే."

చర్చిలో పాపాలు చెప్పుకుందామని మోకరించాను. తెర వెనక నుంచి ఫాదర్ గొంతు: "నీ పాపాలు తర్వాత వింటానమ్మా. మూడో క్వార్టర్లో మీవాడు ఎందుకు పడలేదు?"

"పక్కటెముక నొప్పి ఫాదర్."

"ష్! బయట అనకు. రేటు పడిపోతుంది!"

బడి మధ్యలో మానేసినదాన్ని, ఇందరు లెక్కల మాస్టార్లు నాకు ఊరికే దొరికారు! నాకొచ్చిన లెక్క ఒక్కటే. కాంట్రాక్టు రాకపోతే ఆయన మళ్లీ రేవులో చేపల తొట్టెలు మోయాలి. ఆ పక్కటెముకతో ఎన్నని మోస్తాడు? అయినా ఇది శాస్త్రీయం కాదు, వదిలేయండి.

మొన్న రెనాతో అనే మేనేజర్ సర్ స్వయంగా లాప్‌టాప్ చంకన పెట్టుకుని మా ఇంటికొచ్చాడు. కిటికీ నిండా వీధివాళ్ల తలకాయలు.

"చూడండి మిసిస్, పడటానికి మార్కెట్ లేదు. పడటమంటే ఎవరైనా పడతారు" అంటూ, మోగుతున్న ఫోన్ అందుకుని గుమ్మం వైపు చరచరా నడిచాడు.

మా పాప జెంజెన్ ఇప్పుడిప్పుడే నడుస్తోంది. నాన్న ఇంట్లో చేసే సాధన తప్ప దానికి వేరే చదువు లేదు. సర్‌కి ఎదురెళ్లి, కాళ్లు ఎడంగా పెట్టి, చేతులు గుండెకి ఆనించి నిలబడింది. సర్ మోకాలు తగిలింది. పాప వెల్లకిలా దబ్బున పడింది!

కిటికీలోంచి బెర్తో ఈల వేశాడు. "ఫౌల్!" అని వీధంతా ఒక్క గొంతుతో అరిచింది. "పిల్లకి రేపు తలతో సహా చేప!" అని తీర్పు చెప్పింది ఆలింగ్ పసింగ్.

సర్ ముఖం పాలిపోయింది. లాప్‌టాప్ చంకలోంచి జారి నేలన పడ్డా చూసుకోలేదు. పాపని ఎత్తుకుని వీపు నిమిరాడు. "దెబ్బ తగిలిందా తల్లీ? ఎక్కడ తగిలింది? ఎక్స్‌రే తీయిద్దామా?"

జెంజెన్ కిలకిలా నవ్వింది.

లాప్‌టాప్ పగిలింది గనక లెక్క మళ్లీ మొదటికొచ్చింది. అయినా నాకు చింత లేదు! మూల కుర్చీలో పక్కటెముక పట్టుకుని కూర్చున్న మా ఆయన, మేనేజర్ వంక నోరు తెరుచుకుని చూశాడు. ఇన్నేళ్లుగా ఆ కంపెనీ కోసం పడుతున్నాడు కదా, "దెబ్బ తగిలిందా" అని అడగడం వాళ్లకి వచ్చని ఆయనకి ఆ రోజే తెలిసింది!