మూడు పుల్లలు

శుక్రవారం ఉదయం ఏడున్నరకు, నూజివీడులో కృష్ణవేణి ఇంటి గడపకు రుద్దిన తెల్లపుల్ల ఎర్రబడింది.

రుద్దింది శశాంక్. భార్యాబిడ్డలతో ముందు వాటాలో అద్దెకుంటున్నాడు. పాత ఇళ్ల రంగుల్లో సీసం ఉంటుందని, ఆ పెచ్చులు పిల్లల నోట్లోకి పోతే ప్రమాదమని చదివి, మూడు పుల్లల పెట్టె తెప్పించాడు. సీసం తగిలితే పుల్ల ఎరుపెక్కుతుంది. అతని పాప పొద్దస్తమానం పాకేది ఆ గడప మీదే.

“చూశారా పిన్నిగారూ!”

“మా నాన్నగారు వేయించిన రంగు బాబూ. ఆయన తొంభై ఏళ్లు బతికారు.”

“ఆయన గడప నాకలేదు కదండీ,” అంది శశాంక్ భార్య మనోజ్ఞ, పాపను చంకనెత్తుకుంటూ.

మధ్యాహ్నానికి వీధంతా తెలిసింది. పెరట్లో మామిడికాయలు కోసుకుపోవడానికి వచ్చిన కాయల బేరగాడు యలమంద గేటు దగ్గరే ఆగిపోయాడు.

“విషం ఇల్లంటగా అమ్మగారూ. కాయలు మీరే తినండి.”

ఆదివారం శశాంక్ వాళ్లు ఆగిరిపల్లిలో ఇంకో ఇంటికి మారారు. కృష్ణవేణి కూడా ఆటో ఎక్కింది. కొత్తింటి గడపకు ఎవరో ఒకరు పసుపు రాయాలి కదా. రాసి, కుంకుమ బొట్లు పెట్టి, పాపకు పప్పన్నం తినిపించి, బస్సులో ఒక్కతే తిరిగొచ్చింది. పెళ్లి చేసుకోలేదు, ఇంట్లో ఇంకెవరూ లేరు. అలవాటు కొద్దీ పాప గిన్నెలో కూడా అన్నం పెట్టింది.

సోమవారం పొద్దున్నే శశాంక్ ఫోన్ చేశాడు.

“పిన్నిగారూ, ఈ గడప కూడా ఎరుపే! ఎక్కడైనా ఇంతేనన్నమాట. ఇంత దానికి మీ ఇంటికే వచ్చేస్తాం. ఆటో పిలిచాను.”

“రండి బాబూ, రండి!”

అప్పుడే బొట్టు పెట్టుకుంది. ఫోన్‌కు కుంకుమ అంటింది. కొంగుతో తుడవబోయి ఆగింది. పుల్లదీ ఇదే రంగు.

“పిన్నిగారూ, ఉన్నారా?”

కృష్ణవేణి పాప గిన్నె వైపు చూసింది.

“తడిగుడ్డతో గడప బాగా తుడిచి, ఆరాక మళ్లీ చూడు బాబూ. అది నేను పెట్టిన కుంకుమ.”

“మరి మొన్న మీ గడప?”

“శుక్రవారం కదా. మీరు లేవకముందే పెట్టాను.”

అవతల మనోజ్ఞ నవ్వడం వినిపించింది.

అరగంటకు మళ్లీ ఫోన్.

“తెల్లగానే ఉందండీ! ఇక్కడేం లేదు. ఆటో వెనక్కి పంపేశాను. మీరు మాత్రం వస్తూ ఉండాలి.”

“అలాగే. నా గడప కూడా కడిగేశాను. ఒకసారి పుల్ల తెచ్చి చూస్తావా? పాపను కూడా తీసుకురా.”

“పుల్లలు అయిపోయాయండీ.”

కృష్ణవేణి ఇంటి గడపలో సీసం ఉన్నదీ లేనిదీ ఇంకా తేలలేదు.